ఉల్లికోడు: ఒక్క జీన్‌తో తేలని లెక్క

వానాకాలం నాట్లు ఆలస్యమై, పైగా మబ్బుపట్టి ముసురు పెట్టిందంటే వరంగల్, ములుగు, జగిత్యాల వైపు వరి రైతుకు ఉల్లికోడు అనే చిన్న ఈగ టెన్షన్ మొదలైనట్టే. పిలక మధ్యలోంచి కొత్త ఆకు రావాల్సిన చోట వెండి మెరుపుతో, అచ్చం ఉల్లికాడలా ఒక గొట్టం పొడుచుకొస్తుంది. ఆ పిలక ఇక కంకి వేయదు. గొట్టం కొన దగ్గర పట్టి చూస్తే చిన్న రంధ్రం, అందులోంచి సగం బయటికి వేలాడుతూ పురుగు విడిచిన పొర కనిపించిందంటే ఈగ అప్పటికే ఎగిరిపోయిందన్నమాట, ఆ తర్వాత ఏ మందు కొట్టినా ఆ పిలకకు ఒరిగేదేమీ లేదు. అప్పుడు విత్తనాల షాపు ముందు వినిపించే మాట ఇది: "తట్టుకుంటదని నువ్వే ఇస్తివి గదనే, పోయినేడు రాలే, ఈయేడెందుకొచ్చె?"

షాపాయన దగ్గర దీనికి జవాబుండదు. తప్పు ఆయనది కాదు. కథ యాభై ఏళ్లు వెనక్కి పోతుంది, పైగా అందులో వరంగల్ పాత్ర పెద్దదే.

ఈ ఈగ దోమంత ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఆకు తొడుగుల మధ్య తేమను పట్టుకుని కిందికి దిగి, మొక్క పెరిగే మొన దగ్గర చేరుతుంది. కాండం తొలుచు పురుగులా కొరికి తినడం దీని పద్ధతి కాదు. దీని లాలాజలం సోకాక అక్కడి కణాల పెరుగుదలే దారి తప్పుతుంది, ఆకుగా విచ్చుకోవాల్సింది గొట్టంగా మారి పురుగుకు ఇల్లవుతుంది. అంటే ఆ ఇల్లు కట్టేది మొక్కే, తన సొంత జీన్లతోనే.

దీన్ని తట్టుకునే వరి కోసం మన దగ్గర వెతుకులాట పాతదే. ఈశ్వరకోర అనే పాత రకాన్ని ఎంటీయూ 15 అనే వరి రకంతో కలిపి వరంగల్ పరిశోధన కేంద్రంలో డబ్ల్యూ 1263 తయారుచేశారు. అందులోని నిరోధక జీన్‌కే తర్వాత జీఎం1 అని పేరొచ్చింది (ఇక్కడ జీఎం అంటే జన్యుమార్పిడి కాదు, గాల్ మిడ్జ్, ఈ ఈగకే ఇంగ్లీషు పేరు, ఈ గందరగోళం వాట్సాప్‌లో చాలా తిరుగుతుంటుంది). దాన్ని ఐఆర్ 8తో కలిపితే కాకతీయ వచ్చింది. సయాం 29 అనే రకం నుంచి జీఎం2 అనే మరో నిరోధక జీన్ తెచ్చుకుని సురేఖ, ఫల్గుణ వచ్చాయి. ఆ తర్వాత కావ్య, ఆ కావ్యను సాంబ మసూరితో కలిపితే జగిత్యాల సన్నాలు. 1970ల్లో కాకతీయ, సురేఖ, ఫల్గుణ వరస చూసినవాళ్లకు సమస్య తీరిపోయిందనే అనిపించి ఉంటుంది.

తీరలేదు. 1980ల్లో శ్రీకాకుళం వైపు ఫల్గుణ మీద ఈగ గెలిచింది. అప్పటికే ఒక్కో ప్రాంతంలో ఈగ ఒక్కో తీరుగా ఉందని గమనించి వాటికి బయోటైప్ 1, 2, 3 అని నంబర్లు ఇస్తున్నారు, శ్రీకాకుళం ఈగ నాలుగోదైంది. 2000ల్లో వరంగల్ పొలాల్లో దొరికినదానికి 4ఎం అని పేరు పెట్టారు. దాని ముందు ఫల్గుణా నిలవదు, డబ్ల్యూ 1263 కూడా నిలవదు. వరంగల్‌లో పుట్టిన విత్తనాన్ని వరంగల్ ఈగే ఓడించింది, ఇంతకంటే చేదు ఇంకేముంటుంది.

ఇలా ఎందుకవుతుందో చెప్పే సిద్ధాంతం అంతకుముందు నుంచే ఉంది. 1940ల్లో అమెరికాలో ఫ్లోర్ అనే శాస్త్రవేత్త అవిసె తుప్పు తెగులు మీద పనిచేసి, మొక్కలోని ఒక నిరోధక జీన్‌కు తెగులు వైపు సరిగ్గా ఒక జీన్ జోడీ ఉంటుందని చూపించాడు. తెగులు తన వైపు జీన్ మార్చుకుంటే మొక్క దాన్ని గుర్తుపట్టలేదు, అంతే. మంచి సిద్ధాంతమే, ఉల్లికోడుకూ చాలావరకు సరిపోతుంది. కానీ గుర్తుపట్టాక మొక్క లోపల ఏం జరుగుతుందో అది చెప్పదు. మన వరిలోనే చూడండి, జీఎం2 ఉన్న మొక్కలో పురుగు చేరిన చోట కణాలు తామే చచ్చి గోధుమరంగుకు తిరుగుతాయి, పురుగూ చస్తుంది. జీఎం1 ఉన్న మొక్కలో ఆ మచ్చే ఉండదు, అయినా పురుగు చస్తుంది. ఫలితం ఒకటే, దారులు రెండు. ఆ దారుల్ని గీయాలంటే ఒక్క జీన్ పట్టుకుని కూర్చుంటే కాదు, తీగ లాగితే డొంకంతా కదలాల్సిందే.

ఆ డొంక చేతికి రావడానికి 2000 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆవ కుటుంబానికి చెందిన అరబిడోప్సిస్ అనే చిన్న కలుపు మొక్క జీనోమ్, అంటే దాని జీన్లన్నీ ఉండే పూర్తి జన్యు పటం, అప్పుడు బయటికొచ్చింది, 25,498 జీన్లు. 2005లో వరిది, నిప్పన్‌బారె అనే జపాన్ రకం మీద. పది దేశాలు కలిసి చేసిన ఆ పనిలో 11వ క్రోమోజోమ్‌లో ఒక భాగం మన దేశం చేసింది. జాబితా వచ్చాక అసలు ప్రశ్న మొదలైంది: ఎవరు ఎవరితో కలిసి పనిచేస్తున్నారు?

2011లో అరబిడోప్సిస్ ప్రొటీన్లు ఏది దేన్ని పట్టుకుంటుందో జతలుజతలుగా పరీక్షించి సుమారు 2,700 ప్రొటీన్ల మధ్య 6,200 దాకా లింకులు గీశారు. అదే సమయంలో ఇంకో పని చేశారు, నాకు మొత్తం ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. ఒక బ్యాక్టీరియా, ఒక బూజు తెగులు జీవి, పరిణామంలో వీటికి ఎక్కడా పొంతన లేదు. ఇవి మొక్కలోకి పంపే ప్రొటీన్లు వెళ్లి దేన్ని పట్టుకుంటున్నాయని చూస్తే, రెండూ చాలాచోట్ల అవే లక్ష్యాల మీద పడుతున్నాయి, అవీ ఎక్కువ లింకులున్న హబ్‌ల మీద. శత్రువులు వేరైనా కొట్టే చోటు ఒకటే.

2017లో టమాటా, పొగాకు కుటుంబంలో మరో సంగతి తేలింది. తెగులును గుర్తుపట్టే జీన్లు కొన్ని ఒంటరిగా పనిచేయవు, వెనక సాయం చేసే జీన్లు ఉండాలి, ఒకే సహాయకుడి మీద చాలా కాపలాదార్లు ఆధారపడతాయి. వరి అగ్గితెగులు విషయంలోనూ పక్కపక్కనే ఉండి జంటగా పనిచేసే జీన్లు అంతకుముందే దొరికాయి. ఒక రకంలో బ్రహ్మాండంగా పనిచేసిన జీన్ ఇంకో రకంలో పెడితే చప్పబడటానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇక నా అనుమానం కూడా చెప్పేస్తాను. జీన్ల మధ్య ఇలా లింకులు గీసి నెట్‌వర్క్ పేరుతో వచ్చే బొమ్మలు చాలావరకు చిక్కుపడ్డ దారపు ఉండలే. రెండు జీన్ల పని ఒకేసారి పెరిగిందంటే ఒకటి రెండోదాన్ని నడిపిస్తోందని కాదు, అయినా పేపర్లలో అలా రాసేస్తుంటారు. పైగా ఆ డేటాలో ఎక్కువ భాగం ల్యాబ్ గదుల్లో కుండీలలో పెరిగిన మొక్కలది. మన 4ఎం ఈగ ఆ గదుల్లో లేదు. నర్సంపేట పొలంలో పురుగు దిగిన పిలకను గంటగంటకూ కోసి ఏ జీన్ ఎప్పుడు లేచిందో చూడనిదే ఆ బొమ్మ మనకు పనికిరాదు.

పనికొచ్చే చోటు మాత్రం ఒకటి స్పష్టంగా ఉంది. 2014, 2015ల్లో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జీఎం3, జీఎం4 అనే మరో రెండు ఉల్లికోడు నిరోధక జీన్లు ఏ రకం ప్రొటీన్లు తయారుచేస్తాయో గుర్తించారు. ఎండాకు తెగులుకు సాంబ మసూరిలో మూడు జీన్లు పేర్చి 2008లో కొత్త రకం ఇచ్చినట్టే ఉల్లికోడుకూ రెండు మూడు జీన్లు పేర్చే పని నడుస్తోంది. ఏవి పేర్చాలి అన్నదే ప్రశ్న. ఒకే సహాయకుడి మీద ఆధారపడే రెండు జీన్లు పేరిస్తే కాగితం మీద రెండు, పొలంలో మాత్రం ఒక్కటే, ఈగ ఆ సహాయకుణ్ణి దెబ్బకొడితే రెండూ పోతాయి. జీఎం1 లాగా మచ్చ లేకుండా చంపేదాన్నీ, మచ్చతో చంపేదాన్నీ కలిపితే ఈగ రెండు దారులూ దాటాలి. అవి నిజంగా వేరువేరు దారులేనా, లోపల ఎక్కడైనా కలుస్తున్నాయా అన్నది రకం విడుదల చేశాక రైతు పొలంలో కాకుండా ముందే ల్యాబులో తేల్చుకోవచ్చు.