మూటలో ఏముంటుందిలే అనుకునేవాళ్లకి

విజయనగరంలో ఇల్లు లేనివాళ్ల సామాను దాచిపెట్టే పనిలో ఉన్నాను. గంటస్తంభం దగ్గర అరుగుల మీద, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, రైల్వే స్టేషన్ బయట పడుకునేవాళ్ల మూటలు, సంచులు మా గదిలో ఉంటాయి. ఈ పని గురించి వినగానే జనం అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: "పాత గుడ్డలు తప్ప వాళ్ల దగ్గర దాచుకోడానికి ఏముంటుంది?"

మొదట్లో నేనూ ఇలాగే అనుకున్నాను. ఒకరోజు గది సర్దుతూ, చెమ్మపట్టి కంపు కొడుతున్న గోనెసంచి ఒకటి తీసి చెత్తలో వేసేశాను. సాయంత్రం ఒక మామ్మ వచ్చింది. "నా సంచి ఏదీ బాబూ?" అంది. ఇద్దరం చెత్తకుండీ దగ్గరికి పరిగెత్తాం. అదృష్టం, దొరికింది. గుడ్డల మధ్య ఒక పాల కవరు, అందులో ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఆసుపత్రి ఓపీ చీటీ, సగం వాడిన బీపీ మాత్రల అట్ట. అడుగున పెనిమిటి ఫొటో.

ఆధార్ పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు కదా అంటారు. నంబరు గుర్తులేక, అప్పట్లో ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు లేక, పని చేసీ చేసీ వేలిముద్రలు అరిగిపోయినవాళ్లు సెంటర్ల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో వాళ్లకే తెలుసు. అది లేకపోతే పింఛనుకీ తిప్పలే, బియ్యానికీ తిప్పలే. ఆ రోజు నుంచి అడక్కుండా ఎవరి సంచీ విప్పను, పారెయ్యను.

అపోహ: "రైల్వే క్లోక్‌రూమ్‌లో పెట్టుకోవచ్చుగా."

అక్కడ ప్రయాణం టికెట్ చూపించాలి, సామానుకి తాళం ఉండాలి. గోనెసంచికి తాళం ఎక్కడ వేస్తారండీ?

అపోహ: "లాకరిచ్చి తాళంచెవి చేతిలో పెడితే పనైపోతుంది."

లాకర్లు ఉండాలని పట్టణ నిరాశ్రయుల షెల్టర్ల మార్గదర్శకాల్లోనే ఉంది. మంచిదే. కానీ కూలికెళ్లేవాడు తెల్లారి 6 గంటలకి అడ్డా మీద ఉండాలి. గది 10 గంటలకి తెరిస్తే ఆ లాకర్ ఎవరికి? మేం ఐదున్నరకే తీస్తాం, రాత్రి 9 దాకా ఉంటాం.

తాళంచెవులు పోతూనే ఉంటాయి, అందుకని రెండోది మా దగ్గర ఉంటుంది. సంచి పెట్టినప్పుడు మేమిచ్చే నంబరు టోకెన్ కూడా పోతే? పెట్టేటప్పుడే గుర్తులు రాసుకుంటాం: నీలం తువ్వాలు, రెండు ముళ్లు, లోపల స్టీలు గ్లాసు. అవి చెబితే చాలు. ఆధార్ చూపిస్తేనే సంచి ఇస్తామంటే ఎలా? ఆ ఆధార్ ఉన్నదే సంచిలో.

ఇంకోటి, ఇనుప బీరువా మే నెలలో పొయ్యిలా కాలుతుంది. అందులో ఇన్సులిన్ పెట్టారంటే మందు పాడైపోతుంది. విప్పని సీసాలు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసాకి నీడలో తడి ఇసుక మధ్య పెట్టిన మట్టికుండ చాలా నయం.

అపోహ: "సామాను పెట్టుకోనిస్తే ఇక్కడే పాతుకుపోతారు."

నేను చూసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కాలికి పుండు పడిన ఒక పెద్దాయన్ని ఆసుపత్రిలో చేరమంటే, మూట ఎవరు చూస్తారని వారం రోజులు మొండికేశాడు. టోకెన్ చేతిలో పడ్డాకే వెళ్లాడు. భుజాన మూటతో వచ్చినవాడిని మేస్త్రి కూడా పనిలోకి తీసుకోడు.

అపోహ: "నల్లులు, ఎలుకలు వస్తాయి."

ఇది పూర్తిగా అపోహ కాదు, వస్తాయి. అందుకే తినేవి పెట్టనివ్వం. ప్రతి మూటనీ మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి బిగిస్తాం. ఒప్పుకున్నవాళ్ల బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికిస్తాం, నల్లులూ గుడ్లూ చస్తాయి. అరలు నేలకి రెండడుగుల ఎత్తున ఉంటాయి. 2014లో హుద్‌హుద్ తుపానుని చూసినవాళ్లం, అక్టోబరులో కింద ఏదీ ఉంచం.

ఎవరూ రాకపోతే ఎన్నాళ్లు ఉంచుతారని అడుగుతారు. బట్టలైతే మూడు నెలలు. కాగితాలు, ఫొటోలు మాత్రం పారెయ్యం. పోయిన సిరిమాను పండగ (మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర) ముందు ఒకాయన పెట్టి వెళ్లిన 17వ నంబరు సంచి ఇంకా పై అరలోనే ఉంది. అందులో బియ్యం కార్డు ఉందని పెట్టేటప్పుడు చెప్పాడు.