సముద్రం ఇసుక గాలిస్తుంది

"మావయ్యా, ఓడలోంచి ఆయిల్ కారిందా?"

సంక్రాంతి సెలవుల్లో భీమిలి బీచ్‌లో మా మేనకోడలు అడిగిన ప్రశ్న ఇది. ఏడో తరగతి చదువుతోంది. అల వెనక్కి పోయినచోట లేత రంగు ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచుల్లో కాస్త ఊదారంగు. ముందురోజే తెన్నేటి పార్కులో దానికి ఓడ కథ చెప్పాం. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకి 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆ ఒడ్డున ఇరుక్కుపోయిన కథ. అందుకే నలుపు కనబడగానే దానికి ఓడ గుర్తొచ్చింది. పక్కన ముంత మిక్చర్ కలుపుతున్న పెద్దాయన కూడా "ఆయిలేనమ్మా, ఇంకేటి" అని తీర్పు ఇచ్చేశాడు.

నేను ఆ నల్లటిది చిటికెడు తీసి దాని అరచేతిలో పోసి రుద్దమన్నాను. జిడ్డు లేదు, మసి అంటలేదు. పైగా ఎండలో తళుక్కుమంది. అది కూడా ఇసుకే.

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డులో ఏమేం చూడాలో ఎవర్నడిగినా చెబుతారు. కైలాసగిరి, రుషికొండ, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల పేరొచ్చిన తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు. అన్నీ చూశాం, ఫొటోలూ దిగాం. నాకు మాత్రం ఆ మూడు రోజుల్లో ఆ నల్ల చారల దగ్గర గడిపిన గంటే బాగా మిగిలింది.

ముందు రాయి సంగతి. ఈ తీరం పొడుగునా కనబడే కొండలు చాలావరకు ఖోండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో దీనికి ఆ పేరు పెట్టాడు. ఒకప్పుడు ఇది మామూలు బంకమట్టి. పదుల కిలోమీటర్ల లోతుకి కూరుకుపోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట గట్టి రాయిగా మారింది. అలా ఉడికినప్పుడే అందులో గార్నెట్, సిల్లిమనైట్ లాంటి ఖనిజాలు తయారయ్యాయి. తెన్నేటి పార్కు కింద రాళ్లను దగ్గరగా చూస్తే ముదురు ఎరుపు మచ్చల్లా కనబడేవి గార్నెట్లే. బడిలో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు పేర్లు బట్టీ పట్టించి వదిలేస్తారు. విహారయాత్ర బస్సు సరిగ్గా ఆ మూడో రకం రాయి పక్కనుంచే పోతుంది. ఒక్క పిల్లాణ్ణీ దిగి ముట్టుకోనివ్వరు!

కొండ మీది రాయి వానకి, ఎండకి శిథిలమవుతుంది. మెత్తబడేవి మళ్లీ మట్టిగా మారి నీళ్లలో కొట్టుకుపోతాయి. మొండిగా మిగిలేవి తెల్లటి క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్, నల్లటి ఇల్మనైట్. గెడ్డలూ గోస్తనీ నదీ వాటిని మోసుకొచ్చి సముద్రంలో పడేస్తాయి. అంటే సముద్రానికి చేరేది కలగాపులగం ఇసుక. మరి నల్లది ఒకచోట, తెల్లది ఒకచోట ఎలా చేరాయి?

సమాధానం మన వంటింట్లోనే ఉంది. బియ్యం గాలించడం. ఇప్పుడు రాళ్లులేని బియ్యం ప్యాకెట్లలో వస్తున్నాయి కాబట్టి మా మేనకోడలు ఎప్పుడూ చూడలేదు. మా అమ్మ గిన్నెలో నీళ్లు పోసి, కొంచెం వంచి, గుండ్రంగా ఊపుతూ పైపై బియ్యాన్ని రెండో గిన్నెలోకి జార్చేది. చివరికి అడుగున నాలుగు రాళ్లు మిగిలేవి. తీరం మీద అల చేసేది అచ్చంగా ఇదే పని. అల విరిగి ఒడ్డుకి ఎగబాకేటప్పుడు విసురుగా అన్ని రేణువుల్నీ మోసుకొస్తుంది. పైకి వచ్చేసరికి జోరు తగ్గి అన్నిటినీ దించేస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు నీళ్లు పలచగా, వాలు మీద జారుతూ పోతాయి. ఆ పలచటి పొర తేలిక రేణువుల్ని ఈడ్చుకుపోగలదు, బరువైనవి అక్కడే ఉండిపోతాయి. ఒక అల గాలిస్తే ఏమీ తెలియదు. నిమిషానికి ఐదారు అలల లెక్కన రోజంతా గాలిస్తే చార తేలుతుంది.

ఇక్కడ కొంచెం లెక్క చెయ్యాలి. ఒక ఘన సెంటీమీటరు క్వార్ట్జ్ 2.65 గ్రాములు తూగుతుంది, ఇల్మనైట్ సుమారు 4.7 గ్రాములు. ఇల్మనైట్ రెట్టింపు బరువైనా కాదు. కానీ ఇవి తూగుతున్నది గాలిలో కాదు, ఉప్పునీళ్లలో. నీళ్లలో మునిగిన వస్తువు తన చోటంత నీటి బరువును పోగొట్టుకుంటుంది కదా. సముద్రపు నీరు ఘన సెంటీమీటరుకి 1.03 గ్రాములు. దాన్ని రెండింటిలోంచీ తీసేయండి. క్వార్ట్జ్‌కి 1.62, ఇల్మనైట్‌కి 3.67. ఇప్పుడు తేడా రెండుంపావు రెట్లు దాటింది! అందరి దగ్గరా ఒకే మొత్తం వసూలు చేసే పన్ను లాంటిది నీటి తేలుడు. పేదవాడికే ఎక్కువ తగులుతుంది.

అయితే కథ ఇక్కడితో అయిపోదు. ఆ నల్ల ఇసుకని, తెల్ల ఇసుకని రెండు చేతుల్లో పట్టుకుని వేళ్లతో నలిపి చూడండి. నల్లది సన్నగా ఉంటుంది, తెల్లది కొంచెం బరక. ఎందుకంటే పెద్ద క్వార్ట్జ్ రేణువూ చిన్న ఇల్మనైట్ రేణువూ నీళ్లలో ఒకే వేగంతో కిందికి దిగుతాయి. ఒకటి పరిమాణంతో, ఇంకోటి సాంద్రతతో. మరీ సన్నటి రేణువులకు వర్తించే స్టోక్స్ సూత్రం ప్రకారం, క్వార్ట్జ్ వ్యాసంలో మూడింట రెండు వంతులున్న ఇల్మనైట్ దానికి సరిజోడు. కాబట్టి అల దించేటప్పుడు ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. అప్పుడు వెనక్కి పోయే నీరు వచ్చి తాకుతుంది. పెద్ద రేణువు తల ఎత్తుకుని ఉంది కాబట్టి దానికే తోపుడు తగులుతుంది, దొర్లిపోతుంది. చిన్నది సందులో నక్కి ఉంది, పైగా బరువు. దాని జోలికి ఎవరూ రారు.

మా పెద్దాయన ముంత మిక్చర్ నాకు మూడో కిటుకు చూపించింది. మరమరాలు, వేరుశనగ గుళ్లు, ఉల్లిపాయ ముక్కలు వేసి ఆయన ముంతను ఎగరేస్తుంటే కారం, ఉప్పు, సన్న సేవ్ పొడి ఎక్కడికి చేరుతున్నాయి? అడుక్కి. పొట్లంలో చివరి పిడికెడు ఎప్పుడూ మంటెత్తిపోయేది అందుకే. కుదిపిన గుట్టలో సందులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఆ సందుల్లోంచి చిన్నవి జారగలవు, పెద్దవి జారలేవు. అల కింద ఇసుక పొర కదులుతున్నంతసేపూ ఇదే జరుగుతుంది. సన్న నలుపు కిందికి దిగుతుంది, బరక తెలుపు పైకి వస్తుంది. తుపాను అలలు పై తెలుపును కోసుకుపోతే అడుగున దాగిన నలుపు పరుచుకుని బయటపడుతుంది.

ఇల్మనైట్ అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. ఇందులోంచి తీసే టైటానియం డయాక్సైడ్‌తోనే తెల్ల పెయింటుకి ఆ తెలుపు వస్తుంది. మీ గోడ మీది తెలుపు ఒకప్పుడు ఇలాంటి నల్ల చారే! ఇదే ఇసుకలో కొద్దిపాటి మోనజైట్ అనే ఖనిజం కూడా ఉంటుంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం. దేశంలో మోనజైట్ నిల్వలు అన్నిటికన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. లెక్కలు కట్టే అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. థోరియం మాట వినగానే మా అక్క చెప్పులు వేసేసుకుంది. సాయంత్రం కాసేపు బీచ్‌లో నడిచినందుకు ఏ టెన్షనూ అక్కర్లేదు.

అక్క వేలికి ఉన్నది గోమేధికం. రాహు దోషానికని ఎవరో జ్యోతిష్కుడు రాసిస్తే కొనిపెట్టుకున్నది. గోమేధికమూ గార్నెట్ కుటుంబమే. ఇసుకలో ఊదారంగుగా కనబడిన ఇనుప గార్నెట్‌కి వరసకి చెల్లెలు. ఒకదాన్ని బంగారంలో పొదిగి పూజ చేస్తున్నాం, దాని అక్కల్ని లక్షల్లో కాళ్లతో తొక్కుతున్నాం. రాహువు దీన్నెలా చూస్తాడని అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు.

ఎర్రమట్టి దిబ్బల్ని కూడా ఈ ఇసుకతోనే చూడాలి. భారత భూగర్భ సర్వే సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. పాటల్లో చాలాసార్లు చూసి ఉంటారు. ఆఖరి మంచుయుగంలో, సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి పోయింది. తీరం ఎక్కడో దూరంగా జరిగింది. అలాంటి కాలాల్లో బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి తెచ్చి పోగేసింది. సముద్రం గాలిస్తే, గాలి తూర్పారబట్టింది. తర్వాత వేల ఏళ్లపాటు వాన నీరు ఇంకుతూ ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాల్ని తుప్పు పట్టించింది. ఆ తుప్పే, హెమటైట్, క్వార్ట్జ్ రేణువుల మీద పలచగా పూత పూసింది. ఎరుపంతా పైపూతే. ప్రయోగశాలలో గాఢమైన ఆమ్లంతో కడిగితే లోపల తెల్ల రేణువు బయటపడుతుంది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ భీమిలి ఒడ్డుకి వెళ్లాం. నిన్నటి నల్ల చార లేదు! మేనకోడలు నావైపు అనుమానంగా చూసింది. కొబ్బరి చిప్ప ఒకటి వెతికి, అదే చోట తవ్వమన్నాను. నాలుగు వేళ్ల లోతులో నలుపు తగిలింది. ఇంకా తవ్వి గోడ నున్నగా చెక్కితే తెలుపు, నలుపు, తెలుపు, నలుపు పొరలు, కాగితం మందాన కొన్ని, వేలి మందాన కొన్ని. ఏ పొర ఏ రోజు అలలదని అడిగింది. ముందు లెక్కపెట్టమన్నాను. దానికి పదకొండు వచ్చాయి, నాకు తొమ్మిది. మూడోసారి లెక్కపెడుతుంటే ఓ పెద్ద అల వచ్చి గుంత పూడ్చేసింది.