అమెరికా ఫోన్‌కి ఆ తాళం ఎందుకు?

2012లో మా బావ అమెరికా నుంచి వస్తూ ఐఫోన్ 4 తెచ్చి నా చేతిలో పెట్టాడు. సిమ్ పెద్దదైతే మైక్రో సైజుకి కత్తిరించి మరీ వేశాను, ఎన్నిసార్లు తీసి పెట్టినా సిమ్ చెల్లదనే మెసేజే. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఒకతను సిమ్ కింద కాగితమంత పల్చటి చిప్ పెట్టాక సిగ్నల్ వచ్చింది. అప్‌డేట్ మాత్రం కొట్టొద్దన్నాడు, కొడితే మళ్లీ లాకేనట.

అప్పట్లో అక్కడ నెట్‌వర్క్ కంపెనీకి రెండేళ్ల కాంట్రాక్టు రాసిస్తే 649 డాలర్ల ఆ ఫోన్ 199కే ఇచ్చేవాళ్లు, మిగతాది నెల బిల్లులో రాబట్టుకునేవాళ్లు. మనిషి మధ్యలో వేరే నెట్‌వర్క్‌కి పోకుండా ఫోన్‌కి సాఫ్ట్‌వేర్ లాక్ వేసేవాళ్లు. బాకీ ఉన్నన్నాళ్లూ సరే, బాకీ తీరాక కూడా లాక్ తియ్యమని మనమే వాళ్లని అడుక్కోవాలి, నాకు మండేది అక్కడే.

మనకీ ఇది కొత్త కాదు, 2003లో 501 రూపాయలకి ఊరూరా వచ్చిన, సిమ్ లేని రిలయన్స్ సీడీఎంఏ ఫోన్‌లో వేరే కంపెనీ నంబరు పెట్టుకునే దారే లేదు.

2007 జూన్ 29న ఏటీ అండ్ టీ అనే అమెరికా నెట్‌వర్క్ ఒక్కదానికే కట్టుబడి మొదటి ఐఫోన్ వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా న్యూజెర్సీలో జార్జ్ హాట్జ్ అనే 17 ఏళ్ల కుర్రాడు లాక్ విప్పేశాడు. సెప్టెంబర్ అప్‌డేట్‌తో అలా విప్పిన ఫోన్లు చాలావరకు పనికిరాకుండా పోయాయి.

అసలు గొడవ చట్టంతో వచ్చింది. సినిమాలు, సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలు ఆపడానికి 1998లో అమెరికా తెచ్చిన కాపీరైట్ చట్టం ఇది, ఫోన్ లాక్ కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి దాన్ని విప్పడమూ ఇందులోకే వచ్చి పడింది. ఈ చట్టానికి మూడేళ్లకోసారి మినహాయింపులిచ్చే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు గ్రంథాలయం) 2006లో, 2010లో ఫోన్లకి ఇచ్చింది, 2012లో వెనక్కి తీసుకుంది. దాంతో 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోన్‌ని కంపెనీ ఒప్పుకోకుండా విప్పితే చట్టవిరుద్ధం! సొంత డబ్బుతో కొన్న వస్తువు విషయంలో ఇదేం న్యాయం? లక్షమందికి పైగా సంతకాలు చేసి వైట్‌హౌస్‌కి పంపారు, చివరికి 2014 ఆగస్టు 1న ఒబామా కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. అయితే అది లాక్ విప్పుకోనిచ్చింది గానీ, లాక్ వేసి అమ్మడాన్ని ఆపలేదు. కెనడా 2017 డిసెంబర్‌లో, బ్రిటన్ 2021 డిసెంబర్‌లో ఆ పని కూడా చేశాయి.

ఇప్పుడు అమెరికాలో కాంట్రాక్టుల బదులు 24, 36 నెలల వాయిదాలు. అవి తీరని ఫోన్‌ని ఇక్కడికి తెస్తే నా కథే మళ్లీ మొదలు. అందుకే తెచ్చేవాళ్లని బయల్దేరే ముందే ఐఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్లి, క్యారియర్ లాక్ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే ట్రేనే ఉండట్లేదు, కాబట్టి లాక్ లేకపోయినా ఇక్కడ మీ నంబరుని ఈ-సిమ్‌కి, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌కి, మార్పించుకోవాల్సిందే.