కౌన్సెలర్ పని నచ్చజెప్పడమేనా? అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు తమ పిల్లల గురించి మొదటి ఫోనులోనే "మీరైనా కాస్త నచ్చజెప్పండి మేడమ్" అంటారు. ఆ మాట వెనుక ఉన్న దిగులు నాకు తెలుసు. అయినా ఇంతగా నష్టం చేసే అపోహ మరొకటి లేదు. కౌన్సెలర్ పెద్దవాళ్ల తరఫున కూర్చున్నదని ఒక్కసారి అనిపిస్తే, ఆ అమ్మాయి గానీ అబ్బాయి గానీ అన్నింటికీ తలూపుతారే తప్ప అసలు సంగతి చెప్పరు. రెండు సిట్టింగులయ్యాక, ఏమీ మారలేదని ఇంట్లోవాళ్లే మాన్పించేస్తారు.

అనంతపురం నుంచి వచ్చిన ఒక తండ్రి (గుర్తుపట్టే వివరాలు మార్చాను), మారతహళ్లిలో ఉద్యోగం చేస్తున్న కూతురి ఎదుటే, నోటుపుస్తకంలోంచి చించిన కాగితం నా చేతిలో పెట్టారు. నేను చెప్పవలసిన మాటలన్నీ అందులో అంకెలు వేసి ఉన్నాయి. మొదటిది పెళ్లికి ఒప్పించడం, చివరిది ఫోను తగ్గించమనడం. ఆ కాగితం ఆయనకే తిరిగి ఇచ్చి, లోపల మాట్లాడుకున్నది ఆమె అనుమతి లేకుండా బయటికి రాదని, ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం ముందు ఆమెకు చెప్పి, తర్వాతే ఇంట్లోవారికి చెబుతానని ఇద్దరికీ వివరించాను.

ఆ రోజు పెళ్లి ఊసే రాలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందని, అన్నం సహించడం లేదని ఆమె చెప్పింది. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే అవునన్నది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవారున్నారు. అది నిజం కాదు, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. ఆమె సమ్మతితోనే తండ్రిని లోపలికి పిలిచి, ఇంట్లో మాత్రలు ఎవరి దగ్గర ఉండాలో, రాత్రి ఎవరు తోడుండాలో కాగితం మీద పెట్టి, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను.

సైకాలజీలో ఎమ్మెస్సీ, ఆపై సీనియర్ల పర్యవేక్షణలో చేసిన కేసులు నాకు నేర్పినది ఒప్పించడం కాదు, వినడం. నేను ఎక్కువగా అనుసరించేది 1960లలో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ రూపొందించిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే ఆలోచనల తీరును పరిశీలించి మార్చుకునే మాటల చికిత్స. "నేను దేనికీ పనికిరాను" అన్న ఆలోచన ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, దానికి ఆధారాలేమిటి అన్నది క్లయింటే రాసుకుని వస్తారు. వారానికొకసారి కలిసి పరిశీలిస్తాం. ఒకటి రెండు సిట్టింగుల్లో తేలే పని కాదు.

కౌన్సెలర్ మందులు రాయరు. అది సైకియాట్రిస్టు పని. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారిని ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడవద్దు. సంబంధాలు తప్పిపోతాయని, ఆఫీసులో తెలిసిపోతుందని విన్న మాటలు నమ్మి చికిత్స వాయిదా వేయవద్దు; మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది.

ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయవచ్చు. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.