చక్కెర లేని చాయ్: షుగర్ ఉన్నవాళ్ల అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని బల్లార్షాలో డైటీషియన్‌గా నా దగ్గరికి వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. పేపర్ మిల్లులోనో బొగ్గు గనుల్లోనో పనికని వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు. కూర్చోగానే చెప్పే మాట ఒకటే: "చాయ్‌ల చక్కెర మానేసిన మేడమ్." చాలా మంచి పని. రోజుకు ఐదు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు టీ చెంచాలు అనుకుంటే సుమారు 50 గ్రాముల చక్కెర, 200 కేలరీలు తగ్గినట్టే. మరి రిపోర్టులో షుగర్ ఎందుకు దిగలేదు? అక్కడే అసలు సంగతి మొదలవుతుంది.

అపోహ: చక్కెర బదులు బెల్లం వేసుకోవచ్చు.

"గుళాచా చహా" (మరాఠీలో బెల్లం చాయ్) అని బోర్డు కనిపిస్తే మనవాళ్లకు ధైర్యం వస్తుంది. కానీ బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, చక్కెరలో ఉండేదీ అదే. ఐరన్ ఉంటుంది నిజమే, చాయ్‌లో వేసే ముక్కతో వచ్చేది మాత్రం ఏ మూలకూ సరిపోదు. తేనె కూడా షుగర్ పెంచేదే.

అపోహ: చాయ్ చప్పగా తాగుతున్నాను కదా, పక్కన రెండు టోస్టులు తింటే ఏమవుతుంది?

పక్కనున్న రాజురా నుంచి వచ్చే ఒక కాకాను (పెద్దాయనను) పొద్దున చాయ్ ఎలా తాగుతారో చేసి చూపించమన్నాను. టోస్టు ముంచారు, మెత్తబడి కప్పులో పడిన ముక్కను చెంచాతో తీసి తిన్నారు, ఇంకోటి ముంచారు. అలా నాలుగు. టోస్టులో ఉండేది మైదా, చక్కెర, నూనె. ఖారీ బిస్కెట్ ఉప్పగా ఉంటుంది కాబట్టి మంచిదనుకుంటారు గానీ అదీ మైదా, డాల్డానే. ఆయనకు గుప్పెడు పుట్నాలు తినమని చెప్పాను. పల్లీలైనా సరే, ఉప్పు వేయకుండా వేయించినవి, కొద్దిగా.

అపోహ: షుగర్ ఉంటే పాల చాయ్ ముట్టకూడదు.

అంత భయం అక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 5 గ్రాముల లాక్టోజ్, అంటే పాలలో సహజంగా ఉండే చక్కెర, ఉంటుంది. చక్కెర లేకుండా చిన్న కప్పులు రెండు తాగొచ్చు, మిగతావి కోరా చహా (పాలు లేని చాయ్) చేసుకోండి. మెషిన్ చాయ్‌తో మాత్రం జాగ్రత్త, పొడిలోనే చక్కెర కలిపి ఉండొచ్చు. భోజనానికి ముందూ వెనకా ఒక గంట ఏ చాయ్ వద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

అపోహ: గ్రీన్ టీ తాగితే గోలీలు మానేయొచ్చు.

వద్దు. డాక్టర్‌ను అడగకుండా ఒక్క గోలీ కూడా ఆపకండి.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లకు ఎప్పుడూ చక్కెర ఇవ్వకూడదు.

ఇది నన్ను చాలా భయపెడుతుంది. రాత్రి షిఫ్టు చేసి, గోలీ వేసుకుని, ఏమీ తినకుండా పడుకున్న ఒకాయనకు తెల్లారేసరికి షుగర్ పడిపోయి చెమటలు, చేతుల వణుకు. భార్య ప్రేమగా వేడివేడి చాయ్ ఇచ్చింది, చక్కెర లేకుండా. అది ఎందుకూ పనికిరాలేదు. షుగర్ 70 కంటే దిగితే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇన్సులిన్ గానీ షుగర్ బాగా దించే గోలీలు గానీ వాడేవాళ్లు డ్యూటీకి వెళ్లేటప్పుడు జేబులో చిన్న చక్కెర పొట్లం పెట్టుకోండి, అది ఎక్కడుందో పక్కన పనిచేసేవాళ్లకు చెప్పి ఉంచండి.