వెయ్యి కాపీలు కొట్టిస్తే వెయ్యి మంది చదువుతారా?

హన్మకొండలో నాకు పుస్తకాల దుకాణం, దాని వెనకాలే చిన్న ప్రెస్సు ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ నెలలో ముగ్గురు కొత్త రచయితలు వచ్చి ఒకటే మాటన్నారు: "వెయ్యి కొడ్తె రేటు తక్కువ పడ్తది గద సార్, వెయ్యే కొట్టుండ్రి." వారిలో ఒకాయన పరకాల దిక్కు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు. పింఛను డబ్బుల్లోంచి మిగిల్చుకున్నది సంచిలో పెట్టుకుని వచ్చారు. ఆయన్ను చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

అపోహ: వెయ్యి కాపీలు వేస్తేనే పుస్తకం జనంలోకి పోతుంది.

వాస్తవం: పోదు. వేసిన పుస్తకం ముందు ఇంట్లోకి వస్తుంది. అక్కడి నుంచి కదిలించే మనిషి లేకపోతే మంచం కిందే ఉంటుంది.

ఈ వెయ్యి లెక్క సీసపు అచ్చుల కాలం నాటిది. అప్పట్లో అక్షరం అక్షరం పేర్చి పేజీలుగా కట్టేవారు, దాన్నే ఫారం అనేవారు. అచ్చు కాగానే దాన్ని విడగొట్టి, అక్షరాలను మళ్లీ గళ్ల పెట్టెల్లో సర్దేవారు. ఇంకో వంద కాపీలు కావాలంటే మొదటి నుంచి పేర్చాల్సిందే. అందుకే ఒకేసారి వెయ్యి వేసుకోవడం అప్పటికి తెలివైన పనే. ఇప్పుడు మీ పుస్తకం ఒక పీడీఎఫ్. ఈ రోజు వంద వేసి, అయిపోయాక ఇంకో వంద వేయొచ్చు.

రేటు సంగతికి వద్దాం. 150 పేజీల డెమ్మీ సైజు పుస్తకం, వెల 200 రూపాయలు అనుకోండి. ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేస్తే కాపీ 70 రూపాయలు పడిందనుకుందాం, మొత్తం 70,000. డిజిటల్‌లో 200 వేస్తే కాపీ 120, మొత్తం 24,000. అందరూ 70కీ 120కీ మధ్య తేడానే చూస్తారు. అమ్ముడైనవి ఎన్నో ఎవరూ అడగరు. 160 అమ్ముడయ్యాయనుకోండి, నా అనుభవంలో కొత్త కవికి అది మంచి అమ్మకమే. వెయ్యి వేసినాయనకు అమ్ముడైన ఒక్కో కాపీ 437 రూపాయలు పడింది, 200 వేసినాయనకు 150. దుకాణాల్లో పెడితే కమీషన్ నలభై శాతం పోతుంది, కొన్నిచోట్ల యాభై. మిగిలేది 120, లేదంటే 100. ఇక ఆ 70,000 ఎక్కడి నుంచి తిరిగి రావాలి?

పదకొండేళ్ల కిందట ఒక సారుకు నేనే వెయ్యి కాపీలు కొట్టి ఇచ్చాను. వద్దని గట్టిగా చెప్పలేదు. ఆవిష్కరణ సభ బాగా జరిగింది, శాలువాలు కప్పారు, ఉచిత ప్రతులు పంచారు. ఆయన పోయిన మరుసటి ఏడాది వాళ్లావిడ ఆటోలో కట్టలు వేసుకుని దుకాణానికి వచ్చారు. "బిడ్డా, కిందియి చెదలు వట్టినయి. ఇయ్యన్న ఎవలన్న సదువుతరా?" అన్నారు. మంచి కథలవి. ఏరితే ఆరువందల పైచిలుకు మిగిలాయి. మూడేళ్ల పాటు చుట్టుపక్కల బడులకూ గ్రంథాలయాలకూ ఇస్తూ వచ్చాను. అప్పటి నుంచి నా ప్రెస్సులో మొదటి పుస్తకం ఎవరిదైనా 200 దాటనివ్వడం లేదు. కోపం వచ్చి వేరేచోటికి పోయినవాళ్లున్నారు. పోనివ్వండి.

అపోహ: పేరున్నవాళ్ల పుస్తకాలు వాటంతటవే అమ్ముడుపోతాయి.

వాస్తవం: ఆ పేరు పుస్తకంతో రాలేదు. వారపత్రికల సీరియళ్లతో, ఆదివారం సంచికల కథలతో, సభల్లో చదివిన కవితలతో ఏళ్ల తరబడి వచ్చింది. పుస్తకం వేసేనాటికే చదివేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. కొత్తవాళ్లు ఈ వరుసను తిరగేసి, ముందు పుస్తకం వేసి తర్వాత పాఠకుల కోసం వెతుకుతున్నారు.

పేరు లేనివాళ్లకు దారి మన నేలమీదే ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక అనే సంకలనం తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఒక్కొక్కరూ సొంతంగా పుస్తకం వేసుకోవాల్సి వస్తే ఎందరి పద్యాలు మనదాకా వచ్చేవి? నా దగ్గరికి వచ్చే యువకవులకు అదే చెప్తాను. పదిమంది కలిసి ఒక సంకలనం వేయండి, ఒక్కొక్కరి పాఠకులూ అందరి పాఠకులవుతారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. అంతటి మనిషే సంచి భుజాన వేసుకున్నప్పుడు మనకు నామోషీ ఎందుకు?

ఐఎస్‌బీఎన్ లేకపోతే పుస్తకాన్ని ఎవరో కొట్టేస్తారని భయపడేవాళ్లు చాలామంది. ఆ భయం అడ్డం పెట్టుకుని రెండు మూడు వేలు వసూలు చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే 13 అంకెల సంఖ్య, అంతే. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కాపీరైటు వేరే సంగతి. 1957 చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే అది మీది. మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

పెద్దవాళ్ల ముందుమాట ఉంటే అమ్ముతుందా? నా కౌంటర్ దగ్గర ముందుమాట చూసి కొన్నవాళ్లు తక్కువ. నడిమి పేజీ తెరిచి రెండు పేరాలు చదివి కొంటారు. ముందుమాట కోసం ఎనిమిది నెలలు తిరిగిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. ఆ ఎనిమిది నెలల్లో నాలుగు కథలు పత్రికలకు పంపుకునేది కదా అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంక చేతనైన పని. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మీ కథో కవితో చదివి ఫోన్ చేసినవాళ్లు, సభలో దగ్గరికొచ్చి మాట్లాడినవాళ్లు, అందరి పేరూ చిరునామా రాసుకోండి. ఎనభై పేర్లు అయ్యాక పుస్తకం మాట మొదలుపెడదాం. పంపడానికి పోస్టాఫీసుంది. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. పుస్తకాలకు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100, పన్ను అదనం. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రెస్సు పేరో అచ్చయి ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. రెండు కాపీలు హన్మకొండ రాజరాజనరేంద్ర భాషానిలయానికి ఇవ్వండి. 1904 నుంచి ఉన్న గ్రంథాలయం అది.

పరకాల సారు మొదట నొచ్చుకున్నారు. "గంత తక్కువ కొట్టిస్తె నలుగురిల ఏమనుకుంటరు?" అన్నారు. టీ తెప్పించి, పైన రాసిన లెక్కే కాగితం మీద వేసి చూపించాను. చివరికి 150కి ఒప్పుకున్నారు. తన పాత విద్యార్థుల పేర్లు రాయడానికని మా కౌంటర్ మీదున్న నోటుబుక్కే అడిగి తీసుకుపోయారు. నిన్న ఫోన్ చేస్తే అరవై రెండు పేర్లయ్యాయట.