ఇటుక మీద బొమ్మ

బుజ్జీ, నీకూ తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

పండక్కొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ నువ్వడిగిన మాట నన్ను వదలట్లేదు. మిమ్మల్ని బస్టాండు నుంచి ఆటోలో తీసుకొస్తుంటే దారిలో ఇటుక బట్టీ దగ్గర ఆగాం కదా, టైరు చూసుకుంటానని ఆటో అబ్బాయి దిగాడు. అక్కడ నీ ఈడు పిల్లాడొకడు ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరసల మధ్య వంగి నడుస్తూ ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. నువ్వు కాసేపు చూసి, "తాతయ్యా, ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలందరూ బడిలోనే ఉండాలని చట్టం ఉందని మా టీచర్ చెప్పింది. మరి ఆ సంగతి ఆ అబ్బాయికి తెలీదా?" అన్నావు. తమ్ముడేమో "అయితే వాణ్ణి పోలీసులు పట్టుకుపోతారా?" అన్నాడు. నేను "ఇంటికెళ్ళాక చెప్తాలే" అన్నాను. ఇంటికెళ్ళాక అరిసెలు తిన్నాం, గాలిపటాలు ఎగరేశాం, చెప్పలేదు. ఇదిగో ఇప్పుడు చెప్తున్నా.

తమ్ముడి భయం ముందు తీరుస్తాను. ఎవరూ పట్టుకుపోరు. ఆ చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని మనవాళ్ళు 'ఉచిత నిర్బంధ విద్య' అని రాస్తారు. ఆ 'నిర్బంధ' అనే మాట వినగానే ఎవరో కర్ర పట్టుకుని వెంటపడ్డట్టు ఉంటుంది కానీ, నిర్బంధం పిల్లాడికి కాదు, ప్రభుత్వానికి. దగ్గర్లో బడి పెట్టాల్సింది, పిల్లాణ్ణి చేర్చుకోవాల్సింది, వాడు రోజూ వస్తున్నాడో లేదో చూడాల్సింది ప్రభుత్వం. వాడు రాకపోతే తప్పు వాడిది కాదన్నమాట.

నీ ప్రశ్న అంత సులువు కాదు. 'తెలీదా' అన్నావు చూడు, అక్కడే ఉంది అంతా.

మీరు మోటారు స్విచ్చి నొక్కితే నీళ్ళొచ్చే ఇంట్లో పుట్టారు. మా చిన్నప్పుడు ఊరి మధ్యలో ఒక బావి ఉండేది. రాతి ఒర, చెక్క గిలక, అది తిరిగితే కిర్రుమని శబ్దం, తెల్లవారుజామున ఆ శబ్దానికే నాకు మెలకువ వచ్చేది. ఎండాకాలంలో కూడా నీళ్ళు అడుగంటేవి కావు. అయితే ఎన్ని నీళ్ళుంటే ఏం, చేంతాడు లేకుండా ఒర మీద కూచుని తొంగిచూస్తే నీ మొహం కనపడుతుంది తప్ప గొంతు తడవదు. చట్టం ఆ బావిలో నీళ్ళు అనుకో. చదువు చేంతాడు. ఆ పిల్లాడు బావి ఒర మీదే కూచున్నాడు, చేతిలో తాడు లేదు.

ఇక్కడితో ఆపితే బాగుండేదేమో, కానీ బావి కబురు మొదలుపెడితే నేను ఆగను. ఒకసారి మా అమ్మ నీళ్ళు తెమ్మంటే, తాడు కొస చేతికి చుట్టుకోకుండా బొక్కెన వదిలేశాను. బొక్కెన, తాడు, రెండూ బుడుంగుమని లోపలికి. ఇంటికెళ్ళి చెప్పాలంటే ఎంత టెన్షనో! చివరికి మా నాన్న కరణంగారింటికెళ్ళి పాతాళగరిగె అడిగి తెచ్చాడు. అంటే నీకు తెలీదు కదూ, ఒక ఇనప కడియానికి చుట్టూ కొక్కేలు వేలాడుతుంటాయి, దాన్ని తాడుకి కట్టి బావిలోకి దించి అటూ ఇటూ తిప్పితే పడిపోయిన చెంబో బొక్కెనో తగులుకుని పైకొస్తుంది. ఆ రోజు నా బొక్కెనతో పాటు ఎప్పుడో ఎవరిదో పోయిన ఇత్తడి చెంబు కూడా వచ్చింది. అది మాదేనని నలుగురు వచ్చారు, అది వేరే కథ.

నేను రాజ్యాంగం అమల్లోకొచ్చిన 1950లోనే పుట్టాను. ఆ రాజ్యాంగంలో 45వ అధికరణంలో ఒక మాట రాశారు: పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి పదేళ్ళలోపు రాజ్యం ప్రయత్నించాలని. పదేళ్ళంటే 1960 కల్లా. నాకు పదేళ్ళు వచ్చాయి, ఇరవై వచ్చాయి, నలభై దాటాయి, ఆ మాట నా బొక్కెనలాగా బావి అడుగునే ఉండిపోయింది. 1993లో సుప్రీంకోర్టు పాతాళగరిగె వేసింది. ఆ కేసు పేరే 'ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్'. మన రాష్ట్రం పేరు అందులో ఉందని గర్వపడకు, మనం అవతలి పక్షం. గొడవ మొదలైంది ప్రైవేటు కాలేజీల ఫీజుల గురించి, కానీ కొక్కేనికి ఇత్తడి చెంబు తగిలినట్టు, పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కు అనే మాట పైకొచ్చింది. 2002లో దాన్ని రాజ్యాంగంలోనే 21-ఎ అని చేర్చారు. 2009లో చట్టం చేశారు. 1960 ఎక్కడ, 2010 ఎక్కడ, లెక్క నువ్వే వెయ్యి.

ఇంతదాకా రాసి పెన్ను పక్కన పెట్టి కాఫీ తాగొచ్చాను. తాగుతుంటే గుర్తొచ్చింది, ఆ బావి గురించి నీకు ఒక ముక్క చెప్పకుండా దాచానని.

ఆ బావి అందరిదీ కాదమ్మా. ఊరి చివర పేటలో ఉండేవాళ్ళు మా బావి దగ్గరికొచ్చి కొంచెం దూరంగా కుండలు పెట్టుకుని నిలబడేవాళ్ళు, ఎవరికైనా దయ కలిగితే చేదిపోసేవాళ్ళు. వాళ్ళ చేతిలో తాడు లేకపోవడం కాదు, ఇంట్లో ఉన్నా ఇక్కడ వెయ్యనివ్వరు. వాళ్ళలో నాతో గోలీలాడే నేస్తం ఒకడుండేవాడు. నేను చాలాసార్లు వాడికి నీళ్ళు పోశాను. పోసి, నేనేదో మంచి పని చేస్తున్నాననుకునేవాణ్ణి. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది, అప్పటికి నాకు ఐదేళ్ళు. నేను నీళ్ళు పోసిన ప్రతిసారీ అది వాడి హక్కు, నా దయ కాదు. ఆ ముక్క మా ఊళ్ళో ఎవరికీ తెలీదు, తెలిసిన ఒకరిద్దరూ నోరెత్తలేదు. చదువొచ్చినవాళ్ళే వాళ్ళు. కాబట్టి నా చేంతాడు పోలిక ఇక్కడ తెగిపోయింది చూడు. చదువుకున్నవాడు తాడు తన ఇంట్లో దాచుకుని కూడా కూర్చోగలడు.

మరి ఏం చెయ్యాలి అంటావు. నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను, ఇది మన నెల్లూరు జిల్లాదే.

నేను చేసింది పల్లెటూరి పోస్టాఫీసులో పని, నీకు తెలుసు. మద్రాసులో పనికెళ్ళిన కొడుకులు పంపే మనియార్డర్లు తీసుకోవడానికి అమ్మలు వచ్చేవాళ్ళు. వాళ్ళకి సంతకం రాదు. ఇంకుప్యాడు తెరిచి, ఎడమ బొటనవేలు నేనే పట్టుకుని అద్దించేవాణ్ణి. ఆ వేళ్ళు ఎలా ఉండేవంటే, నాట్లేసి కోతలు కోసి అరిగిపోయి, కొందరి వేలిముద్రలో గీతలే పడేవి కావు. 1991 ప్రాంతంలో జిల్లా అంతా 'అక్షర దీపం' అని వయోజనులకి రాత్రి బళ్ళు పెట్టారు. లాంతర్లు, పలకలు, పగలంతా కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళు. కొన్నాళ్ళకి ఒక పెద్దావిడ మనియార్డరుకి వచ్చి, నేను ఇంకుప్యాడు తియ్యబోతే దాన్ని పక్కకి నెట్టి, పెన్ను ఇమ్మంది. నాలుగక్షరాల పేరు రాయడానికి ఎంతసేపు పట్టిందంటే, బయట బస్సువాడు తపాలా సంచి కోసం హారను కొడుతూనే ఉన్నాడు. నేను లేవలేదు. ఆవిడ రాసి, తలెత్తి, "ఇంకా ఎక్కడన్నా పెట్టాలా?" అంది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, నవ్వకు.

ఆ రాత్రి బళ్ళ వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఒక పాఠం. ఊళ్ళో సారా వల్ల కాపురాలు ఎలా కూలాయో, ఆడవాళ్ళు కలిసి ఏం చేశారో అందులో ఉంటుంది. దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు పాఠాన్ని పాఠంలా వదిలెయ్యకుండా, మన ఊళ్ళో మాత్రం సారా అంగడి ఎందుకుండాలి అని లేచి దాన్ని మూయించారు. వాళ్ళని ముందుండి నడిపించిన వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పట్నుంచే ఊరూరా తెలిసింది. తర్వాత దూబగుంట కథే పాఠమై మిగతా ఊళ్ళ రాత్రి బళ్ళకి వెళ్ళింది, ఒక దివిటీతో ఇంకోటి వెలిగించినట్టు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు వాళ్ళు. ఆ పాటల మీద ప్రభుత్వానికి వచ్చే ఆదాయం అంతా ఇంతా కాదు, అయినా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు కూడా, అదీ చెప్పాలి, లేకపోతే నీకు సగం కథే చెప్పినట్టు. బావి తవ్వించడం ఒక ఎత్తు, పూడిపోకుండా ఏటేటా పూడిక తియ్యడం ఇంకో ఎత్తు. చూశావా, మళ్ళీ బావి దగ్గరికే వచ్చాను.

ఇక నీ బట్టీ పిల్లాడి సంగతి.

మీరెళ్ళిన నాలుగో రోజు నేను సైకిలేసుకుని వెళ్ళాను. వాళ్ళది కొండాపురం వైపు ఊరట, యానాదులనే గిరిజనులు. పచ్చి ఇటుక ఒకవైపే ఎండితే వంకరపోతుందని తిరగేస్తారు, పెద్దవాళ్ళయితే అంతసేపు నడుం వంచలేరు, ఇరుకు వరసల్లో కాలు తగిలి ఇటుక చితుకుతుంది, పిల్లలైతే తేలిగ్గా ఉంటారు. కూలి మనిషికింత అని కాదు, వెయ్యి ఇటుకలకింత. అందుకే పిల్లాడి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు కానీ వాడి చేతులు మాత్రం లెక్కలో ఉంటాయి. అక్కడి మేస్త్రీ నాతో "వాళ్ళమ్మకి సాయం చేస్తున్నాడులే సార్" అన్నాడు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని 2016లో చట్టం గట్టిపరిచారు, సొంత ఇంటి పనిలో బడి వేళ అయ్యాక సాయం చెయ్యొచ్చని ఒక వెసులుబాటు కూడా పెట్టారు. బట్టీ వాళ్ళ సొంతిల్లా? అదే అడిగాను. ఆయన ఫోనొచ్చినట్టు పక్కకెళ్ళాడు.

దగ్గర్లోని బడికి పిల్లాణ్ణి, వాళ్ళమ్మని తీసుకెళితే ఆధార్ తెమ్మన్నారు, పుట్టిన తేదీ కాగితం తెమ్మన్నారు. వయసు కాగితం లేదని పిల్లల్ని వెనక్కి పంపకూడదని ఆ 2009 చట్టంలోనే పద్నాలుగో సెక్షన్లో ఉంది. తెలుగు కాపీ జేబులో పెట్టుకునే వెళ్ళాను, ముసలాడి జేబు అంటే ఏమనుకున్నావు. గొడవ పడలేదు, కళ్ళజోడు లేదని అబద్ధం చెప్పి, "కొంచెం చదివి పెట్టండమ్మా" అని ఆ పేజీ టీచరుగారి చేతికే ఇచ్చాను. ఆవిడ చదివింది, నా వంక చూసింది, నవ్వింది, రిజిస్టరు తీసింది.

మూడు రోజులు వచ్చాడు. నాలుగో రోజు రాలేదు. ఎందుకంటే వాళ్ళ నాన్న అడ్వాన్సు తీసుకున్నాడట, అది తీరేదాకా ఇటుకల లెక్క తగ్గకూడదట. ఎంత తీరింది, ఎంత ఉంది అంటే ఎవరికీ తెలీదు. వాళ్ళమ్మ చీరకొంగులో మడిచిన చీటీ తీసి నాకిచ్చి చదవమంది. ఏడాదిగా దగ్గరుంచుకుంది, అందులో ఏముందో తెలీదు. అప్పు పేరు చెప్పి మనిషిని కట్టేసి పని చేయించుకోవడం నేరమని, అలాంటి అప్పు కట్టనక్కర్లేదని 1976 నుంచి చట్టం ఉంది. ఆ చీటీ పట్టుకుని ఎవర్ని కలవాలో వాళ్ళని కలుస్తున్నాను, అది తేలేదాకా అంతకన్నా రాయను. నువ్వు గుర్తుంచుకోవలసింది 1098 అనే నంబరు, పిల్లలకి కష్టమొస్తే ఎవరైనా చెయ్యొచ్చు, నువ్వైనా.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. బట్టీలో ఇటుక అచ్చులో యజమాని పేరు పొడి అక్షరాలు ఉంటాయి, ప్రతి ఇటుక మీదా అవి పడతాయి. బడిలో రెండో రోజు టీచరు బోర్డు మీద ఏదో రాస్తుంటే ఈ పిల్లాడు లేచి "అది మా ఇటుక మీద బొమ్మ" అన్నాడట. వేల ఇటుకలు తిరగేశాడు, అది అక్షరమని వాడికి ఎవరూ చెప్పలేదు.

మీ అపార్టుమెంటు పక్కన కొత్త బిల్డింగు కడుతున్నారని నాన్న చెప్పాడు. ఆదివారం నాన్నతో వెళ్ళి అక్కడ ఇటుకల గుట్ట చూడు. మధ్య గుంటలో అక్షరాలు కనపడతాయి. అంచుల మీద కూడా చూడు, బాగా చూడు, తడి ఆరకముందు పట్టుకున్న వేళ్ళ గుర్తులు కొన్నింటి మీద అలాగే కాలి ఉండిపోతాయి. దొరికితే నీ వేళ్ళు అందులో పెట్టి, సరిపోయాయో లేదో నాకు రాయి.

మీ తాతయ్య